పింక్ ఫ్లాయిడ్‌ను జనం ఇంకా ఎందుకు వింటున్నారు?

చిత్రావతి (అనంతపురం), శనివారం సాయంత్రం 6:40

పాటల విషయంలో మా అబ్బాయికీ నాకూ చుక్కెదురు. నేను పెట్టిన పాట వినపడగానే వాడు తలుపు వేసుకుంటాడు. వాడు పెట్టింది వింటే నాకు తలనొప్పి. మా ఇంట్లో ఇద్దరికీ పేచీ లేనిది ఒక్క పింక్ ఫ్లాయిడ్, ఆ ఇంగ్లండు రాక్ బ్యాండు. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా అన్నయ్య బెంగళూరు నుంచి తెచ్చిన క్యాసెట్టుతో నాకు పరిచయం. మా అబ్బాయి ఇంజనీరింగులో చేరాక తనంతట తానే పట్టుకున్నాడు. నా ప్రమేయం ఏమీ లేదు.

వాళ్ళ ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 మార్చిలో వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో 1988 దాకా మొత్తం 741 వారాలు ఉంది. అందులో మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూశాకే ఇక్కడ అడగాలనిపించింది. ఇది ఒక్కసారిగా ఎగబడి కొన్న జనం కాదు. పదిహేనేళ్ళ పాటు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొనుక్కుపోయిన జనం.

వీళ్ళలో గొప్ప గొంతు ఎవరిదీ కాదు. రూపమా అంటే, వాటర్స్, గిల్మోర్, రైట్, మేసన్ నలుగురి ఫొటో చూపించి ఎవరు ఎవరో చెప్పమంటే అభిమానులే తడబడతారు. మరి ఏమిటి పట్టి ఉంచుతున్నది? దయచేసి 'అజరామరం', 'కాలాతీతం' అని తేల్చేయకండి. పాటలో ఏముందో చెప్పగలవాళ్ళు చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), 7:05

నేను చెబుతాను. అలవాటు. ఒక తరం పత్రికలవాళ్ళు గొప్పదన్నారు, తర్వాతి తరం అది చదివి గొప్పదంది, ఇప్పుడు ఫోను దాన్నే తెచ్చి చెవిలో పెడుతోంది. మీ ఊళ్ళోనే క్లాక్ టవర్ దగ్గర తోపుడు బండి మీద ఆ ఆల్బమ్ అట్ట మీది పట్టకం బొమ్మ ఉన్న నల్ల చొక్కాలు అమ్ముతారు. వేసుకున్న కుర్రాడిని ఆపి, అది ఏ బొమ్మ నాయనా అని అడగండి.

1970ల్లో లండన్ కుర్రకారే వీళ్ళతో విసిగిపోయారు. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండు గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ చొక్కా వేసుకుని, ఆ పేరు పైన 'నాకు అసహ్యం' అని రాసుకుని తిరిగాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. పాట మొదలయ్యేలోపు అన్నం తిని చెయ్యి కడుక్కుని రావచ్చు.

ఏడురోడ్లు (కడప), 7:11

అన్నం తినేటప్పుడు కూడా వినచ్చు కదా సార్ :)

సౌండ్_సర్వీసు (కడప), 7:48

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ పాటల్లో మాటలు సగం పైన అర్థం కావు. కాబట్టి పత్రికలు చదివి మోసపోయానని బురుజు అన్న నన్ను అనలేడు.

పెళ్ళిళ్ళకు, సభలకు, ఉరుసుకు బాక్సులు కట్టడం నా వృత్తి. బాక్సులు కట్టి, మిక్సర్ సరిచూసుకున్నాక నేను మొదట పెట్టేది ఆ ఆల్బమ్‌లోని 'టైమ్' పాట. పని నేర్పిన పెద్దాయన అదే పెట్టేవారు, నేనూ అదే పెడతాను. ఎందుకో చెబుతాను. మొదట గడియారాల టిక్కుటిక్కు చిన్నగా వినిపిస్తుంది. అది వినపడలేదంటే పైస్థాయి శబ్దాన్ని బాక్సు మింగేస్తోందని అర్థం. ఉన్నట్టుండి గడియారాలన్నీ ఒకేసారి మోగుతాయి. అక్కడ శబ్దం చిట్లితే ట్వీటర్, అంటే పైస్థాయి శబ్దాల స్పీకర్, పోయినట్టే. తర్వాత కింది నుంచి బేస్, దాని మీద దూరదూరంగా డ్రమ్ము దెబ్బలు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య హాలు ఎంత ప్రతిధ్వనిస్తోందో వినడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఈ పని చేయడానికి ఇంకో పాట నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆ గడియారాలు సౌండ్ ఇంజనీరు ఆలన్ పార్సన్స్ తెచ్చినవి. పాత గడియారాలు అమ్మే దుకాణానికి వెళ్ళి, ఒక్కొక్క గడియారాన్ని విడివిడిగా రికార్డు చేసుకుని, అన్నీ ఒకే క్షణంలో మోగేలా టేపుల మీద కలిపాడు. అప్పటికి కంప్యూటర్ ఎక్కడిది? ఆల్బమ్ మొదట్లో వినిపించే గుండె చప్పుడు కూడా గుండె కాదు, నిక్ మేసన్ బేస్ డ్రమ్ము.

ఇక అదే ఆల్బమ్‌లో 'మనీ' పాట మొదట్లో చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, దుకాణంలో గల్లాపెట్టె మోత. వాటర్స్ తన భార్య కుండలు చేసే షెడ్డులో గిన్నెలోకి నాణేలు విసిరి రికార్డు చేశాడు. ఒక్కొక్క చప్పుడు ఉన్న టేపును స్కేలుతో కొలిచి, సమాన ముక్కలుగా కత్తిరించి, వరుసగా అతికించి, చివర మొదటికి కలిపి గుండ్రంగా తిప్పారు. అంగుళాల లెక్కతో తాళం కట్టారన్నమాట. ఇది చదివాక ఆ రోజంతా నేను ఇంకో పని చేయలేకపోయాను.

నా వరకు సమాధానం ఇదే. వాళ్ళు శబ్దాన్ని శబ్దం మీద కుక్కరు. గిటారు మోగితే కీబోర్డు పక్కకు తప్పుకుంటుంది. మన ఇప్పటి పాటల్లో అందరూ ఒకేసారి బస్సెక్కుతున్నట్టు ఉంటుంది.

తకధిమి (కర్నూలు), 8:30

'మనీ' ప్రస్తావన వచ్చింది కాబట్టి నేనూ దూరుతాను. నేను మృదంగం చెబుతాను. రాక్ సంగీతం నా దారి కాదు. ఒక శిష్యుడు, "మాస్టారూ, దీనికి లెక్క వేయండి" అని ఫోను చేతికిచ్చాడు. నాలుగు లెక్కలో వేశాను, కుదరలేదు. గల్లాపెట్టె మోతకు చెయ్యి వేసుకుంటూ పోతే ఏడు వచ్చింది. తకిట తకధిమి. మన మిశ్ర చాపు!

పాడేంతసేపూ ఏడు అక్షరాలే నడుస్తాయి. శాక్సఫోను వాయించిన డిక్ పారీ కూడా ఏడులోనే వాయిస్తాడు. గిల్మోర్ గిటారు అందుకోగానే తాళం నాలుగుకు మారుతుంది. ఆ మార్పు దగ్గర పాట ఒక్క ఉదుటున పరుగెత్తినట్టు అనిపిస్తుంది. నిజానికి అది వేగం వల్ల వచ్చిన ఊపు కాదు, కుంటుతున్న నడక ఒక్కసారి సమంగా పడటం వల్ల వచ్చింది. గిటారు మూడు విడతలుగా సాగుతుంది. మధ్య విడతలో దాదాపు అన్నీ ఆపేసి గిటారు, బేస్, డ్రమ్ములు మాత్రమే పొడిపొడిగా ఉంచుతారు. మూడోదానిలో మళ్ళీ అన్నీ వచ్చి పడతాయి. చివరికి తిరిగి ఏడు. కచేరీలో తనియావర్తనం, అంటే ఒంటరిగా తాళవాద్యం, వాయించేవాడికి ఇందులో పాఠం ఉంది.

రాక్ పాటల్లో నూటికి తొంభై పైన నాలుగు లెక్కలోనే ఉంటాయి. వీళ్ళు ఏడులో కట్టిన పాటను అమెరికా సింగిల్స్ జాబితాలో 13వ స్థానం దాకా తీసుకువెళ్ళారు. విన్నవాళ్ళలో ఎంతమందికి అది ఏడు అని తెలుసు? కష్టమైన లెక్క వేసి, అది కష్టమని వినేవాడికి తెలియనివ్వకపోవడం పెద్ద విద్వాంసులకు కూడా అందరికీ పట్టుబడదు. మనలో కొందరు మోరా (మూడుసార్లు తిప్పి వేసే ముగింపు) వేశాక సభ వైపు చూస్తారు, చప్పట్ల కోసం. వీళ్ళు చూడరు.

బురుజు గారు పాట మొదలయ్యేదాకా ఆగలేకపోతున్నారు. 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' గురించే అయి ఉంటుంది. దాన్ని ఆలాపన అనుకుని వినండి. రిచర్డ్ రైట్ కీబోర్డు మీద ఒక ఆధార శ్రుతి నిలబెడతాడు. దాని మీద గిటారు తొందర లేకుండా తిరుగుతుంది. సుమారు నాలుగో నిమిషంలో అన్నీ ఆగి నాలుగు స్వరాలు మోగుతాయి. పాశ్చాత్యులు జి అనే స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే అవి గ, ని, స, ద. గాంధారం సాధారణం, నిషాదం కైశికి, ధైవతం చతుశ్రుతి. చివర ఆ ధైవతం దగ్గర స్వరం తేలకుండా వేలాడుతుంది. ఇల్లు చేరలేదు. ఆ నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, ప్రతిసారీ అలాగే వేలాడదీసి వదిలేస్తారు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), 8:41

మాస్టారూ, ఇక అది ఖరహరప్రియ అని అనకండి. విదేశీ స్వరం కనబడగానే మన రాగం అంటించడం మనవాళ్ళ పాత జబ్బు.

తకధిమి (కర్నూలు), 8:52

ఆ నాలుగూ ఖరహరప్రియలో ఉన్న స్వరాలే. అంతమాత్రాన అది ఖరహరప్రియ అయిపోదు. గమకం లేదు, సంచారం లేదు. ఆ మాట నేను అనలేదు, మీరు అనిపించారు.

బాలాజీనగర్_పెద్దాయన (ప్రొద్దుటూరు), 9:20

నేను మద్రాసులో చదువుకున్నప్పుడు మా హాస్టల్లో బీటిల్స్ రికార్డులు అరిగిపోయేవి. అసలు గొప్పవాళ్ళు వాళ్ళు. పింక్ ఫ్లాయిడ్ తర్వాతి సంగతి. ఈ తరానికి మూలం తెలియదు.

నిర్వాహకుడు, 9:24

పెద్దాయన గారూ, బీటిల్స్ చర్చ వేరే ఉంది, అక్కడ ఇప్పటికే రెండు వర్గాలు కత్తులు దూసుకుంటున్నాయి. ఇక్కడ మొదలుపెట్టవద్దని మనవి.

రాతిరి_బస్సు (ధర్మవరం, ప్రస్తుతం బెంగళూరు), 10:15

నిర్వాహకుడు క్షమించాలి, బీటిల్స్ పేరు ఒక్కసారి ఎత్తుతాను. 'డార్క్ సైడ్' రికార్డు చేసింది బీటిల్స్ పాడిన యాబీ రోడ్ స్టూడియోలోనే. వాటర్స్ కొన్ని ప్రశ్నలు కార్డుల మీద రాసి, ఆ భవనంలో దొరికినవాళ్ళందరినీ కూర్చోబెట్టి జవాబులు రికార్డు చేశాడు. చివరిసారి ఎప్పుడు చెయ్యి చేసుకున్నావు, చావంటే భయమా, ఇలాంటి ప్రశ్నలు. సామాను మోసేవాళ్ళు, బ్యాండు సిబ్బంది, స్టూడియో గేటు దగ్గర కాపలా ఉండే జెరీ ఓ'డ్రిస్కాల్, అప్పుడు అదే భవనంలో పనిచేసుకుంటున్న పాల్ మెకార్ట్నీ కూడా జవాబులు చెప్పారు. ఆల్బమ్‌లో మెకార్ట్నీ గొంతు లేదు, తీసేశారు. అందరికంటే చివర వినిపించే గొంతు కాపలాదారుది. మెకార్ట్నీ లాంటివాడి గొంతు చేతిలో ఉండి కూడా వాడుకోకపోవడానికి ఎంత తెగువ కావాలి?

ఈ బ్యాండును నేను ఎందుకు వదలలేనో ఇందులోనే ఉంది. వీళ్ళు పాటలు కట్టిన విషయాలు చూడండి. కాలం చేజారిపోవడం, డబ్బు, మతి తప్పడం, చావు, దూరమైన మనిషి. ప్రేమ పాటలు వెతికితే గాని దొరకవు. పందొమ్మిదేళ్ళప్పుడు 'టైమ్' వింటే గడియారాల మోత బాగుందనిపించింది. ఇప్పుడు నలభై దాటాక అదే పాట వింటుంటే మధ్యలో ఆపేయాలనిపిస్తుంది, అంత సూటిగా తగులుతుంది. అది రాసేనాటికి వాటర్స్‌కు ముప్పై కూడా నిండలేదు.

మాస్టారు చెప్పిన నాలుగు స్వరాల వెనుక మనిషి గురించి రాయకపోతే నిద్ర పట్టదు. బ్యాండు మొదలైంది 1965లో, లండన్‌లో. పేరు పెట్టింది సిడ్ బారెట్. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపాడు. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు అతనివే. ఆ ఏడాది చివరికే అతని మనసు చెదిరింది. మాదకద్రవ్యాలూ తోడయ్యాయి. వేదిక మీద ఒకే తీగ మీటుతూ నిలబడిపోయేవాడు. అతనికి తోడుగా కేంబ్రిడ్జి స్నేహితుడు గిల్మోర్‌ను తెచ్చుకున్నారు. 1968 మొదట్లో ఒక కచేరీకి బయలుదేరినప్పుడు, సిడ్‌ను ఎక్కించుకుందామా అని ఎవరో అడిగితే, ఎందుకులే అన్నారట కారులో ఉన్నవాళ్ళు. అలా ముగిసింది. ఉత్తరం లేదు, పంచాయితీ లేదు.

ఏడేళ్ళ తర్వాత, 1975 జూన్ 5న, యాబీ రోడ్‌లో 'షైన్ ఆన్' పని నడుస్తోంది. అది సిడ్ మీద రాసిన పాటే. గుండు, కనుబొమలు కూడా గొరిగేసుకున్న ఒక లావుపాటి మనిషి స్టూడియోలోకి వచ్చి నిలబడ్డాడు. స్టూడియో సిబ్బంది అనుకున్నారు. ఆయనే సిడ్ అని పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. వాటర్స్ ఏడ్చాడని అంటారు. తర్వాత బారెట్ కేంబ్రిడ్జిలో తోటపని చేసుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ 2006 జూలైలో పోయాడు.

ఆ పాటలో ఎక్కడా అతని పేరు చెప్పరు. ఎవరి సిడ్‌ను వాళ్ళు అక్కడ పెట్టుకుంటారు. నేను పెట్టుకున్న మనిషి మా ఊరివాడే. అంతకు మించి ఇక్కడ చెప్పను.

2002లో వాటర్స్ బెంగళూరు వచ్చి పాడినప్పుడు ధర్మవరం నుంచి వెళ్ళాను. 'విష్ యు వర్ హియర్' మొదలుపెట్టగానే చుట్టూ జనం పాట అందుకున్నారు. కన్నడంవాళ్ళు, తమిళంవాళ్ళు, మలయాళంవాళ్ళు. ఉచ్చారణ ఒక్కొక్కరిది ఒక్కొక్క రకం. నా పక్కన ఉన్నాయన పల్లవి తప్ప మిగతాదంతా కూనిరాగమే తీశాడు.

ఏడురోడ్లు (కడప), 10:40

రాతిరి బస్సు అన్నా, ఇలా రాస్తే రేపు పరీక్షకు ఎలా చదవాలి?

నాకు మాటలే లేని పాట ఇష్టం. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. ఫోనులో ఏదో వీడియో వెనుక ముక్క వినిపిస్తే పట్టుకుని వెతికాను. బురుజు సార్ చెప్పినట్టు ఫోనే తెచ్చి పెట్టింది, ఒప్పుకుంటాను. కానీ అలా ఫోను రోజూ ఎన్నో తెచ్చి పెడుతుంది, అన్నీ నిలవవు కదా.

అది చావు గురించిన పాటట. పియానో రైట్ వాయిస్తే, మీద క్లేర్ టోరీ అనే అమ్మాయి గొంతు. ఆదివారం రాత్రి పిలిపించారు. మాటలు వద్దు, గొంతును వాద్యంలా వాడమన్నారు. రెండు మూడు సార్లు పాడి, ఇది వాళ్ళకు నచ్చి ఉండదనుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆదివారం కాబట్టి రెట్టింపు లెక్కన 30 పౌండ్లు ఇచ్చారు. తర్వాత దుకాణంలో రికార్డు మీద తన పేరు చూసుకుంటే గాని, దాన్ని వాడుకున్నారని ఆమెకు తెలియలేదు.

మా జేజి పోయినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే, మొదట పెద్దగా మొదలై, అలిసిపోయి, సన్నగా అయి, మళ్ళీ ఎగసేది. ఆ గొంతు కూడా అలాగే ఎగసి, చివరికి గుసగుస దాకా వచ్చేస్తుంది. అది విని మా అమ్మ, ఎవరే పాపం ఆ పిల్ల, ఎవరు పోయారు అని అడిగింది.

చిత్రావతి (అనంతపురం), 10:58

ఈ చర్చ ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఏడురోడ్లు, పుస్తకం తీయమ్మా, ఇది రేపటికీ ఇక్కడే ఉంటుంది.

చొక్కా సంగతి ఎత్తారు కాబట్టి ఒక చిన్న ముక్క. నేను చెప్పేది భౌతికశాస్త్రం. ఆ పట్టకం బొమ్మలో తప్పులున్నాయి. తెల్లని కాంతి గాజులోకి ప్రవేశించగానే రంగులు విడిపోవడం మొదలవ్వాలి. బొమ్మలో బయటికి వచ్చాక గాని రంగులు కనిపించవు. పైగా ఏడు రంగులు కాదు, ఆరే వేశారు, ఇండిగో లేదు. హిప్‌నోసిస్ అనే అట్టల రూపకల్పన సంస్థ తరఫున స్టార్మ్ థార్గర్సన్ బృందం చేసింది, గీసింది జార్జ్ హార్డీ. మొదట అచ్చయిన అట్ట మీద బ్యాండు పేరు గాని, ఆల్బమ్ పేరు గాని లేవు. తరగతిలో ఆ బొమ్మ చూపించి తప్పులు వెతకమంటాను. బోర్డు మీద నేను గీసిన బొమ్మకు ఎప్పుడూ అంత శ్రద్ధ దక్కలేదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), ఆదివారం ఉదయం 7:30

రాత్రంతా అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు, బాగుంది. ఇప్పుడు రెండో వైపు కూడా వినండి.

పాప చెప్పిన ఆ 30 పౌండ్ల గాయని 2004లో కోర్టుకు వెళ్ళింది. 2005లో రాజీ కుదిరాక గాని రచయితగా ఆమె పేరు చేర్చలేదు. అంతవరకు ఆ పాట రైట్ ఒక్కడిదే. 'ద వాల్' ఆల్బమ్ నుంచి చదువుల మీద 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' పాట ఉంది, 1979లో వచ్చింది. అందులో పాడిన పిల్లలు లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ పాఠశాలవాళ్ళు, 23 మంది. పాఠశాలకు వెయ్యి పౌండ్లు ముట్టాయి. పాడిన పిల్లల చేతికి రాబడిలో వాటా రాలేదు. వాళ్ళు పెద్దయ్యాక 2004లో అడగాల్సి వచ్చింది. పిల్లల తరఫున గొంతెత్తిన పాటలో పిల్లలకే కూలి లేదు!

వాటర్స్ 1985లో బయటికి వెళ్ళి, మరుసటి ఏడాది బ్యాండు పేరు మీద దావా వేశాడు. డబ్బును ఎగతాళి చేసినవాళ్ళు 2024లో తమ రికార్డింగుల హక్కులను సోనీకి అమ్మారు, సుమారు 40 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఇవన్నీ తెలిసి కూడా వాళ్ళను ఋషుల్లా చూడటం నాకు నచ్చదు.

సౌండ్_సర్వీసు (కడప), 8:15

అన్నా, వాళ్ళను ఋషులన్నది ఎవరు? డబ్బు మీద పాట కట్టినవాడు డబ్బు తీసుకోకూడదా? నేను భక్తి పాటలకు బాక్సులు కడతాను, అద్దె వదులుకుంటానా?

రాతిరి_బస్సు (బెంగళూరు), 8:50

బురుజు గారు చెప్పినవన్నీ నిజాలే. వాటికి ఇవి కూడా కలపండి. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీకి నలుగురూ ఒకే వేదిక ఎక్కారు, 1981 తర్వాత మొదటిసారి. అప్పుడు రికార్డుల అమ్మకాలు పెరిగితే, ఆ లాభం దానానికే ఇస్తానన్నాడు గిల్మోర్. 2019లో తన గిటార్లలో చాలావాటిని వేలం వేసి 2 కోట్ల డాలర్లకు పైగా వచ్చినదంతా వాతావరణ మార్పు మీద పనిచేసే క్లయింట్‌ఎర్త్‌కు ఇచ్చాడు. 'మనీ', 'షైన్ ఆన్' వాయించిన నల్ల గిటారు ఒక్కటే దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. అయినా ఈ లెక్కలతో పాట మంచిదో కాదో తేలదు. మీ లెక్కలతోనూ తేలదు.

చిత్రావతి (అనంతపురం), 9:30

పిల్లల కూలి విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే ఆ పాట పుట్టిన చోట ఆగిపోలేదు. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు తమకు వేరుగా పెట్టిన నాసిరకం చదువులను నిరసిస్తూ బడులు బహిష్కరించి ఆ పాట అందుకుంటే, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వాటర్స్ రాసింది తన కేంబ్రిడ్జి బడి గురించి. తన బడి గురించి రాసుకున్న పాట ఎవరికో నినాదమైంది.

నేను పనిచేసేది ఇంటర్ కాలేజీ, హాస్టల్ ఉన్నది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. మా పిల్లలకు ఇంగ్లీషు రాక్ సంగీతం అంటే ఏమిటో తెలియదు, ఈ ఒక్క పాట మాత్రం తెలుసు. వార్షికోత్సవానికి పాడతామని అడిగారు. పై అధికారి, అందులో ఏముందమ్మా అని నన్ను పిలిచి అడిగారు. క్రమశిక్షణ గురించి సార్ అన్నాను. పాడారు. బాగా పాడారు.

తకధిమి (కర్నూలు), 9:41

అది నాలుగు లెక్కే. పిల్లలు సులువుగా పట్టుకుంటారు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), 10:20

చిత్రావతి గారికి ఈ ఒక్క విషయంలో దండం పెడతాను.

సరే, నా దగ్గర ఉన్నదీ చెబుతాను. నాకు వాళ్ళ పాటలు ఒక్కటీ పట్టవని కాదు. 'యానిమల్స్' ఆల్బమ్ వింటాను. 1977లో వచ్చింది. కుక్కలు, పందులు, గొర్రెలు అని మూడు పెద్ద పాటలు, మొదటా చివరా ఒక చిన్న ముక్క. అందులో ఓదార్పు లేదు, చంద్రుడు లేడు. గిటారు కరుస్తుంది. అట్ట కోసం 1976 డిసెంబరులో లండన్ బ్యాటర్సీ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాల మధ్య 40 అడుగుల గాలి పందిని ఎగరేశారు. అది తాడు తెంచుకుని విమానాల దారిలోకి పోయింది. చివరికి కెంట్ ప్రాంతంలో ఒక రైతు పొలంలో పడింది. మంచి పంది.

నా అభ్యంతరం ఏమిటంటే, జనం మెచ్చుకునేది వాళ్ళ మెత్తదనాన్ని. కళ్ళు మూసుకుని తేలిపోవడానికి వింటారు. కోపం ఉన్న పాటల దగ్గరికి వచ్చేసరికి బాగుండదంటారు. వాళ్ళు నిలబడ్డది కోపం వల్ల అని నా వాదన. యుద్ధంలో తండ్రి పోయినవాడి కోపం అది. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆన్జియోలో చనిపోయాడు, అప్పటికి ఇతను అయిదు నెలల పసిగుడ్డు. ఆ తండ్రి 'ద వాల్'లో ఉన్నాడు, 'ద ఫైనల్ కట్'లో ఉన్నాడు. నలభై ఏళ్ళ వయసులో కూడా తండ్రి కోసం పోట్లాడుతున్న కొడుకు. దీన్ని పక్కన పెట్టి గడియారాలు, గల్లాపెట్టెలు అంటారేమిటి?

రాతిరి_బస్సు (బెంగళూరు), 10:36

ఇన్నాళ్ళూ ఈయన పాస్‌వర్డు వేరేవాళ్ళు వాడుతున్నారని నా అనుమానం :)

మీ మాటలో సగం ఒప్పుకుంటాను. వాటర్స్ కోపం ఒక్కటే ఉంటే ఎలా ఉంటుందో అతని సొంత ఆల్బమ్‌లలో తెలుస్తుంది. మాటలు పదునుగా ఉంటాయి, ఊపిరాడదు. వాటర్స్ లేకుండా గిల్మోర్, రైట్ ఉంటే ఎలా ఉంటుందో 1994 నాటి 'ద డివిజన్ బెల్'లో తెలుస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది, గుచ్చుకోదు. 'కంఫర్టబ్లీ నంబ్' చూడండి. ఆ పాట కట్టేటప్పుడు వాటర్స్, గిల్మోర్ మధ్య పెద్ద గొడవే జరిగింది. చరణం వాటర్స్ గొంతులో చల్లగా, జ్వరం వచ్చిన పిల్లవాడిని వైద్యుడు పలకరించినట్టు ఉంటుంది. పల్లవికి గిల్మోర్ గొంతు వచ్చేసరికి కప్పు లేచిపోతుంది. ఒకరినొకరు భరించలేని ఇద్దరు ఒకే పాటలో ఒకరికొకరు చోటిచ్చారు.

సౌండ్_సర్వీసు (కడప), 11:30

మాటలు రానివాడిగా నా వంతు ఇంకొకటి. పెద్ద దర్గా ఉరుసుకు కవ్వాలీ వాళ్ళు వచ్చినప్పుడు మిక్సర్ దగ్గర కూర్చుంటాను. ఒకే చరణాన్ని తిప్పి తిప్పి పాడుతూ, చప్పట్లు మెల్లగా బిగిస్తూ పోతారు. నాకు ఉర్దూ కొంచెం వచ్చు, ఫారసీ అసలు రాదు. ఎదురుగా ఊగుతున్నవాళ్ళలో చాలామందికీ రాదు. తొందరపెట్టి ముగించేస్తే ఎవరూ ఊగరు. ఆ సమయం ఇవ్వాలి. పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' విన్నప్పుడు నాకు ఆ ఓపికే గుర్తుకొస్తుంది. 1971 నాటిది, 23 నిమిషాలకు పైనే. మొదట్లో ఒకే ఒక్క పియానో స్వరం, తిరిగే స్పీకర్ గుండా పంపించారు. నీళ్ళలో చుక్క పడ్డట్టు మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. డబ్బిచ్చి పిలిచినవాళ్ళ ముందు అంతసేపు ఒక్క స్వరంతో ఆగడానికి గుండె కావాలన్నా. నేను ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంచితే, కరెంటు పోయిందా అని పెళ్ళివారు పరుగెత్తుకొస్తారు.

బాలాజీనగర్_పెద్దాయన (ప్రొద్దుటూరు), మధ్యాహ్నం 12:05

నిన్న మాస్టారు చెప్పిన 'మనీ' విన్నాను. ఏడు లెక్క వేశాను. కుదిరింది. బీటిల్స్ గొప్పవాళ్ళన్న మాటలో మార్పు లేదు.

ఏడురోడ్లు (కడప), సాయంత్రం 5:50

పరీక్ష అయిపోయింది. ఎలా రాశానని ఎవరూ అడగవద్దు. మా హాస్టల్ గదిలో నలుగురం, మిగతా ముగ్గురూ వీళ్ళ పేరు కూడా వినలేదు. దేనితో మొదలుపెట్టించాలి?

రాతిరి_బస్సు (బెంగళూరు), 6:02

'విష్ యు వర్ హియర్' ఆల్బమ్. అయిదే పాటలు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), 6:04

'యానిమల్స్'. మిగిలితే ఉంటారు, లేకపోతే లేదు.

తకధిమి (కర్నూలు), 6:20

'మనీ'. చెయ్యి వేసుకుంటూ వినమనండి.

సౌండ్_సర్వీసు (కడప), 6:45

'డార్క్ సైడ్' మొత్తం, మొదటి నుంచి చివరి దాకా. పాటల్ని కలిపేసి చిందరవందరగా వినిపించే మీట ఆపెయ్యి చెల్లీ. ఫోను సెట్టింగుల్లో పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా చేసే చోటు ఉంటుంది, అది కూడా చూడు. ఆ ఆల్బమ్‌లో ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట వస్తుంది, మధ్యలో అర సెకను తెగినా పాడైపోతుంది. నలుగురూ ఒకే ఫోను స్పీకర్లో వినకండి, కింది శబ్దాలు రావు. ఏదైనా చిన్న బాక్సు దొరికితే గది మూలకు పెట్టండి. గోడకు ఆనించకూడదు, ఒక జానెడు వదలాలి.

ఏడురోడ్లు (కడప), 7:10

సెట్టింగు దొరికింది అన్నా. బాక్సు పక్క గదివాళ్ళది, తొమ్మిదింటి దాకా ఇస్తామన్నారు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), 7:12

'యానిమల్స్'కు కూడా అదే సెట్టింగు. తొమ్మిదిలోపు రెండూ అయిపోతాయి, లెక్క వేశాను.